కుడి దిక్కు డబ్బ

బాయి పని దిగిపోయిన రెండో యేడు ఎరియర్స్ పడ్డయి.
అరవై రెండు వేలు.
కరెంటు బిల్లు వెనక లెక్క రాసుకున్న:
నలభై వేలు టీవీ డబ్బలకు,
మిగిలింది ఇంటి మీది రేకులకు, ఓదెలు బాకీకి.
లింగుబాయి ఏమనలే.
ఆమె అననిదాన్ని ఎట్ల వినాల్నో
ముప్పై ఏండ్లైనా నాకు పట్టువడలే.

బల్లార్షా నుంచి చంద్రపూర్ బస్సు.
ఎప్పటి లెక్కనే ఆమె నా ఎడమ పక్కన.

దుకాణంల గౌర్కార్ పిల్లగాడు,
గడ్డం ఇంక సరిగ్గ మొలవనోడు,
మరాఠీల మొదలువెట్టి, మా మొఖాలు చూసి హిందీలకు దిగిండు:
"కాకా, పైసలల్ల సగం ముంగటి మూడింటికి.
మాటలన్నీ నడుమ డబ్బల్నుంచే వస్తయి,
అండ్ల పిసినారితనం చేస్తే
మనిషి నోట్ల గుడ్డలు కుక్కినట్టుంటది.
మూడో వంతు ఊఫర్‌కు.
మిగిలినయి వెనక రెండింటికి."

ఊఫర్ మోగించిండు.
నేల కదిలింది. అద్దాల అల్మారల గణపతి కదిలిండు.
నా పండ్లు కదిలినయి.
నాకు నవ్వొచ్చింది.
బిడ్డా, ఇరవై తొమ్మిదేండ్లు
బొర్రల మందు కూరి, మట్టి దట్టించి,
మలుపుల నిలవడి మీట తిప్పినోన్ని.
గిది దగ్గు, అంతే.

ఇంకో ముచ్చట.
పగటీలి రెండున్నరకు నది అవతల ఓపెన్‌కాస్టుల పేలిస్తే
మా అటక మీది ఇత్తడి గిన్నెలు
ఒకదాని చెవుల ఒకటి గునుగుతయి.
కంపెనీ నాకు ఊఫర్ ఉత్తగనే ఇచ్చింది.
కొట్టెయ్ పదమూడు వేలు.

ఇగ వెనకటియి.
కండ్లు మూయించి కుర్చీల కూసోవెట్టిండు.
"వాన ఏ దిక్కుకెళ్లి వస్తున్నది, కాకా?"
ఎడమకు చెయ్యి చూపించిన.
మళ్ల పెట్టిండు. మళ్ల ఎడమకే.
పిల్లగాడు వైరు చూసిండు, రిమోటు చూసిండు,
కుడి వెనక డబ్బను వంగి తట్టిండు.
అప్పుడన్నది లింగుబాయి,
ఉల్లిగడ్డల ధర చెప్పినంత మామూలుగ:
"ఆయన కుడి చెవు పోయి పదకొండేండ్లాయె."

నేను కొంచెం మందగించిందనుకున్న.
ఆమెకు నెల సుత యాదికున్నది.
బస్సుల, సంతల, మంచం మీద,
కుడి పక్కన చోటున్నా
చుట్టు తిరిగొచ్చి ఎడమకే ఒదిగేది.
అలవాటనుకున్న.
కొందరికి గోడ దిక్కే నిద్ర పడుతది గదా, అట్ల.

వెనకటియి కొట్టెయ్, ఏడు వేలు.
"ఒక్క చెవుకు ముంగట మూడెందుకు? నడుమది చాలు,
మాటలు దాన్నుంచే అంటివి గదా" అన్న.
"కుడిది నాకు" అన్నది లింగుబాయి.
పిల్లగాడు పెన్ను పట్టుకొని
ఎవరి దిక్కు చూడాల్నో తెల్వక సీలింగు దిక్కు చూసిండు.

ముంగటి మూడు. నడుమది ఒక నంబరు పెద్దది.
ఇరవై ఆరు వేల ఐదు వందలు.
మిగిలినయి చెవు డాక్టరుకని ఆమె అంటుంటే
నేను కుడి చెవు ఆమె దిక్కు తిప్పిన.

ఇప్పుడు ఎడమది బల్ల మీద,
నడుమది టీవీ కింద,
కుడిది వంటింటి గడప కాడ, బియ్యం డ్రమ్ము మీద.
వైరు అంతదాకనే అందింది అని చెప్పింది.
నేను కొలువలే.

పొద్దుమూకినంక సినిమా.
లోపల ఆమె జొన్నరొట్టె కొడుతుంటది.
తెర మీద అందరు బీరిపోయి ఒక్కసారి కుడికి తిరిగిండ్రు.
నాకేం వినవడలే.
"ఏమాయె?" అని అడిగిన.
రొట్టె చప్పుడు ఆగింది.
"ఎవడో గేటు తీసిండు."
"లోపటికొచ్చిండా?"
"ఇంక రాలే. నిలవడ్డడు."